బ్లడ్ థిన్నర్‌తో సోరియాసిస్ తగ్గుతుందా?

ఈరోజు టాపిక్ నా సొంత చర్మం గురించే. బీటెక్ థర్డ్ ఇయర్ నుంచి నాకు సోరియాసిస్ ఉంది. మోచేతుల మీద ఎర్రటి మచ్చలు, రాలే పొట్టు. ఆఫీసుకి ఎండాకాలంలో కూడా ఫుల్ హ్యాండ్స్ షర్టే. ఇది అంటుకునే జబ్బు కాదండి. ఇమ్యూన్ సిస్టమ్ తప్పుగా రియాక్ట్ అవుతుంది. నెల రోజుల్లో తయారవ్వాల్సిన చర్మం కొద్ది రోజుల్లోనే తయారైపోయి పేరుకుంటుంది.

పోయిన నెల ఒక ఫ్రెండ్ మెసేజ్ పెట్టాడు: "బ్లడ్ థిన్నర్ వాడితే సోరియాసిస్ తగ్గుతుందంట రా!" మా మామయ్యకి గుండె వాల్వ్ మార్చారు, ఆయన వార్ఫరిన్ వాడతారు. నిజం చెప్తున్నా, ఆ స్ట్రిప్ చేతిలోకి తీసుకున్నా.

ఐడియా మరీ పిచ్చిదేం కాదు. హెపారిన్ అని ఒక ఇంజెక్షన్ ఉంది. అది రక్తం గడ్డకట్టకుండా ఆపడంతో పాటు, వాపు తెచ్చే కొన్ని ప్రొటీన్లకి అతుక్కుని వాటిని అడ్డుకుంటుంది. అందుకే సోరియాసిస్‌కి పనికొస్తుందా అనే ప్రశ్న పుట్టింది. ఇలాంటి క్లూ ఒకటి నిజమైంది కూడా. 1951లో గబ్నర్ అనే అమెరికన్ డాక్టర్ కీళ్లవాతానికి అమినాప్టెరిన్ ఇస్తుంటే సోరియాసిస్ మచ్చలు తగ్గడం కనిపించింది. అదే కుటుంబంలోని మెథోట్రెక్సేట్‌ని ఈరోజుకీ సోరియాసిస్‌కి వాడుతున్నారు.

కానీ క్లూ వేరు, టెస్ట్ వేరు. "నా మెషీన్‌లో రన్ అవుతోంది" అంటే కోడ్ ప్రొడక్షన్‌కి పంపేస్తామా? సోరియాసిస్ దానంతటదే తగ్గుతుంది, మళ్లీ పెరుగుతుంది. తగ్గింది మందు వల్లేనా? అది తేలాలంటే రెండు గ్రూపులు కావాలి. ఒకరికి మందు, ఇంకొకరికి డమ్మీ. ఎవరికి ఏది ఇచ్చారో పేషెంటుకీ డాక్టరుకీ తెలియకూడదు. మచ్చల ఎరుపు, మందం, పొట్టు, విస్తీర్ణం చూసి 0 నుంచి 72 వరకు 'పాసీ' స్కోరు వేస్తారు. మెథోట్రెక్సేట్‌లాగా హెపారిన్ సోరియాసిస్‌కి ఆమోదం పొందిన మందు కాదు.

అసలు పాయింట్ ఇంకోటి. హెపారిన్ వేరు, వార్ఫరిన్ వేరు. వార్ఫరిన్ లివర్‌లో విటమిన్ కె పనిని అడ్డుకుంటుంది. 1948లో దీన్ని మొదట అమ్మింది ఎలుకల మందుగా! డోసు తేడా వస్తే ఒంట్లోపల రక్తం కారుతుంది. మామయ్య ఐఎన్‌ఆర్ టెస్ట్ చేయించుకుంటూ ఉండేది అందుకే. పైగా నేను రెండు మాత్రలు తీసుకుంటే ఆయన డోసు తప్పేది.

స్ట్రిప్ పెట్టేశా. రెండేళ్లుగా మానేసిన స్కిన్ డాక్టర్ దగ్గరికి మళ్లీ వెళ్లా. మచ్చలు పూర్తిగా పోలేదు. కానీ గమనించారా, ఈ వీడియో హాఫ్ హ్యాండ్స్ షర్టులో చేస్తున్నా.

మీకూ ఇలాంటి మెసేజ్ వస్తే, మందు వేసుకునే ముందు మీ డాక్టర్‌కి చూపించండి. నెక్స్ట్ ఎపిసోడ్‌లో కలుద్దాం!