చేతిలో బియ్యం ఉన్నప్పుడు

(సింగపూర్‌లో ఉద్యోగాలు చేసుకుంటూ వేదాంత విద్యలో గ్రాడ్యుయేట్ సర్టిఫికెట్ పూర్తిచేసిన తెలుగు విద్యార్థులను ఉద్దేశించి చేసిన స్నాతకోత్సవ ప్రసంగం)



మీరు అందుకోబోయేది చిన్న పట్టా. స్నాతకోత్సవ వేదిక మీద ఎవరూ ఈ మాట అనరు కాబట్టి నేనే ముందు అనేస్తున్నాను. ఇది బి.డి. కాదు, ఎం.డివ్. కాదు. దీన్ని చూసి ఎవరూ మీకు గురుపట్టం ఇవ్వరు, సంఘాన్ని అప్పగించరు. పాత నిబంధన కొంత, కొత్త నిబంధన కొంత, సంఘ చరిత్ర, సిద్ధాంతం, వాక్యాన్ని ఎలా చదవాలన్న పాఠం, అంతే. పగలంతా షిప్‌యార్డులో సేఫ్టీ చూసి, బ్యాంకులో కోడు రాసి, ఆసుపత్రిలో డ్యూటీ దిగి, ఎంఆర్‌టీలో నిలబడే నోట్సు తిరగేసుకుంటూ సాయంత్రం క్లాసుకు వచ్చారు. రేపు పొద్దున మళ్లీ అదే రైలు, అదే డ్యూటీ.

పాదిరిగారు కాబోనివాళ్లకు కూడా వేదాంతం చెప్పాలన్న ఆలోచన మరీ పాతదేమీ కాదు. వాంకూవర్‌లో 1968లో పుట్టిన రీజెంట్ కాలేజీ ఆ దారిలో పేరు తెచ్చుకుంది. ఈ ఊళ్లో 1989లో మొదలైన బిబ్లికల్ గ్రాడ్యుయేట్ స్కూల్ ఆఫ్ థియాలజీ కూడా ఉద్యోగాలు చేసుకునేవాళ్లను దృష్టిలో పెట్టుకుని నడిచింది. కాబట్టి ఎవరైనా మిమ్మల్ని 'ఇంతకీ మీరు పాస్టరా?' అని అడిగితే 'కాదండీ' అని తల ఎత్తుకుని చెప్పండి.

ఇది ఎందుకు చెప్పాల్సి వస్తోందంటే, మన రెండు రాష్ట్రాల్లో సువార్త సభల ఫ్లెక్సీలు మీరూ చూశారు. పేరుకు ముందు బిషప్, రెవరెండ్, డాక్టర్, ఒక్కోసారి మూడూ. ఆ డాక్టరేటు ఏ విశ్వవిద్యాలయం ఇచ్చిందని అడిగితే అడిగినవాడే అవిశ్వాసి అవుతాడు. చిన్న పట్టాను పెద్ద బిరుదుగా మార్చుకునే తొందర మీలో ఎవరికైనా ఉంటే ఈ రాత్రికే వదిలేయండి. దేవుడి గురించి చదువుకున్నందుకు మనుషుల మీద అధికారం వస్తుందనుకోవడమే ఈ చదువుకు పట్టే మొదటి తెగులు. నేనివాళ మాట్లాడదలచుకున్నది ఆ అధికారం గురించే.

ఈ ద్వీపంలో వేదాంత విద్యకు ఒక మూలం జైల్లో ఉంది. జపాన్ ఆక్రమణ కాలంలో చాంగీలో నిర్బంధంలో ఉన్న వేర్వేరు సంఘాల నాయకులు, అందరికీ కలిపి ఒక కళాశాల ఉండాలని అక్కడే మాట్లాడుకున్నారు. యుద్ధం ముగిశాక 1948లో మెథడిస్టులు, ఆంగ్లికన్లు, ప్రెస్బిటేరియన్లు కలిసి ట్రినిటీ థియలాజికల్ కాలేజీ పెట్టారు. చాలాకాలం మౌంట్ సోఫియా మీద నడిచి, 2001లో అప్పర్ బుకిట్ తిమాకు మారింది. ఆ కళాశాల పుట్టడానికి ముందటి ఏడాదే, 1947 సెప్టెంబరు 27న, మద్రాసులో దక్షిణ ఇండియా సంఘం (సి.ఎస్.ఐ.) ఏర్పడింది. మన దగ్గర బాప్టిస్టులు, లూథరన్లు, సి.ఎస్.ఐ. వాళ్లు కలిసి ఆంధ్రా క్రైస్తవ వేదాంత కళాశాల పెట్టుకోవడానికి 1964 దాకా పట్టింది. రాజమండ్రిలో మొదలై తర్వాత హైదరాబాదు చేరింది. కలవడానికి మనకు జైలు అవసరం రాలేదు కానీ ఆలస్యం మాత్రం బాగానే చేశాం.

చాంగీలో ఉన్నవాళ్లలో ఆంగ్లికన్ బిషప్ లెనార్డ్ విల్సన్ ఒకరు. 1943 అక్టోబరులో జపాన్ సైనిక పోలీసు దళం కెంపెయితాయ్ పట్టుకెళ్లి ఆయన్ని చిత్రహింసలు పెట్టింది. యుద్ధం తర్వాత పరిస్థితి తిరగబడింది. కొట్టినవాళ్లు ఖైదీలయ్యారు, దెబ్బలు తిన్నాయన మళ్లీ బిషప్ గద్దె మీద కూర్చున్నాడు. కొట్టినవాళ్లలో ఒకతను క్రైస్తవుడై రాగా ఆయన తన చేతులతోనే అతనికి కన్ఫర్మేషన్ ఇచ్చాడు. ఈ కథను అందరూ క్షమాపణ కథగా చెబుతారు, నిజమే. అధికారం చేతికి తిరిగి వచ్చిన రోజున ఒక మనిషి దాన్ని ఎలా వాడాడన్న కథ కూడా అందులో ఉంది.

ఇక మన ఊరికి వద్దాం. ఈ గదిలో ఇంజినీర్లు ఎక్కువ కాబట్టి ఒంగోలు క్లౌ దొర గురించి కాస్త నిదానంగా చెబుతాను.

అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ 1865లో ఇండియాకు వచ్చాడు, మరుసటేడు ఒంగోలు చేరాడు. అమెరికాలో ఉండగా ఆయన సర్వేయరుగా పనిచేసినవాడు. గొలుసు పట్టి నేల కొలిచే ఆ విద్య మిషనరీకి ఎందుకు పనికొస్తుందని అప్పట్లో ఎవరైనా అడిగి ఉంటే జవాబు దొరికేది కాదు. 1876లో కరువు వచ్చింది. 1878 దాకా మద్రాసు ప్రెసిడెన్సీని పీల్చేసిన కరువు అది. ప్రభుత్వం కరువు పనిగా బకింగ్‌హాం కాలువ తవ్విస్తోంది. క్లౌ దొర వెళ్లి మూడున్నర మైళ్ల తవ్వకం కాంట్రాక్టు తీసుకున్నాడు. కొలతలు ఆయనకు తెలుసు, కూలీ లెక్కలు తెలుసు. తనతో తిరిగే తెలుగు బోధకులను మేస్త్రీలుగా నిలబెట్టాడు. ఆకలితో వచ్చినవాళ్లకు పారలూ తట్టలూ ఇచ్చి, తవ్విన మట్టిని కొలిచి, కూలి డబ్బులు చేతిలో పెట్టాడు.

రోజంతా తవ్విన జనం సాయంత్రం బోధకుల చుట్టూ కూర్చుని మాటలు వినేవాళ్లు. బాప్తిస్మం ఇమ్మని అడిగేవాళ్లు పెరిగారు. అప్పుడాయన చేసిన పనిని నేను సెమినరీలో పాఠంగా చెప్పినప్పుడల్లా విద్యార్థులు నమ్మలేనట్టు చూసేవాళ్లు. ఆయన బాప్తిస్మాలు ఆపేశాడు. కరువు పని నడిచినంత కాలం, దాదాపు 15 నెలలు, ఎవరికీ ఇవ్వలేదు. కూలి ఇచ్చే చెయ్యి, బాప్తిస్మం ఇచ్చే చెయ్యి ఒకటే అయినప్పుడు అడిగేవాడి మనసు అడిగేవాడికే తెలియదు. సహాయం పంచడం ముగిసి, ఇక ఇచ్చేందుకు తన దగ్గర ఏమీ లేదని తేల్చి చెప్పాకే మళ్లీ తలుపు తెరిచాడు. అయినా జనం వచ్చారు. 1878 జూలై 3న ఒంగోలుకు ఉత్తరాన గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మందికి బాప్తిస్మం జరిగింది. ఆ రోజు దొర నీళ్లలోకి దిగలేదు. ఆరుగురు తెలుగు బోధకులే ఇద్దరిద్దరుగా వంతులేసుకుని ఆ పని చేశారు.

బియ్యం కోసం మతంలో కలిశారన్న ఎత్తిపొడుపు అయినా ఆగలేదు. ఆ ప్రశ్న వేసేవాళ్లను నేను తప్పుపట్టను, ఆకలి చిన్న విషయం కాదు. కానీ క్లౌ ఒంగోలులో అడుగుపెట్టిన ఆ 1866లోనే బాప్తిస్మం పొందిన యర్రగుంట్ల పేరయ్యను కూడా లెక్కలోకి తీసుకోవాలి. తోలు పని చేసే మాదిగ ఇంట పుట్టి, గురువుల వెంట తిరిగి, యోగమార్గం పట్టి, దేవుణ్ణి వెతుకుతూ వచ్చినవాడాయన. కరువుకు పదేళ్ల ముందే తన మాదిగపల్లెల్లో తిరిగి జనాన్ని పోగుచేశాడు. ఆయన దగ్గర ఏ పట్టా లేదు. బోధకుల కోసం రామాపట్నంలో సెమినరీ 1872లో గానీ మొదలుకాలేదు.

ఇక మీ పని చోటు. మీలో కొందరు సైటు ఇంజినీర్లు, సూపర్‌వైజర్లు. శ్రీకాకుళం నుంచో గోదావరి జిల్లాల నుంచో వచ్చిన కుర్రాడు మీ కింద పనిచేస్తుంటాడు. ఏజెంటుకు కట్టిన డబ్బు ఇంకా అప్పులోనే ఉంటుంది. అతని వర్క్ పర్మిట్ యజమాని పేరుతో ముడిపడి ఉంటుంది. అతనికి ఓవర్‌టైమ్ పడాలా వద్దా అన్నది మీ నోటి మాట. శనివారం సాయంత్రం 'తమ్ముడూ, రేపు మన ఆరాధనకు రా' అని మీరంటారు. వస్తాడు, రాక ఏం చేస్తాడు? మీరు సంతోషిస్తారు, సాక్ష్యంలో చెప్పుకుంటారు కూడా. క్లౌ దొర అయితే ఆ పిలుపు ఆపేవాడు.

చేతిలో బియ్యం ఉన్నప్పుడు పిలుపు ఆపాలి. పిలవాల్సి వస్తే అతని జీతంతో, సెలవుతో ఏ సంబంధమూ లేని మరో సహోదరుణ్ణి పిలవనివ్వండి. మీ వంతుగా అతనికి రావలసిన కూలిని సరిగ్గా లెక్క కట్టించండి. పనిలో వేలు తెగితే ప్రార్థన చేయండి, వద్దనను. ముందు డాక్టరు దగ్గరికి తీసుకెళ్లండి, గాయం రిపోర్టు నమోదయ్యేలా చూడండి, పరిహారం చట్టం ఏం చెబుతోందో అతనికి తెలుగులో చెప్పండి. 2006 నుంచి వలస కార్మికులకు వైద్యం అందిస్తున్న హెల్త్‌సర్వ్ లాంటి సంస్థలు ఈ ఊళ్లో ఉన్నాయి. డార్మిటరీలో ఉండేవాడికి వాటి చిరునామా చెప్పడం కూడా పరిచర్యే. 2020 ఏప్రిల్‌లో కోవిడ్ వల్ల ఆ డార్మిటరీల గేట్లు మూసినప్పుడు లోపల ఉన్నవాళ్లకు ప్రసంగాలకు కొరత రాలేదు, ఫోన్ల నిండా అవే. ఊరికి ఎప్పుడు పంపుతారు, జీతం వస్తుందా రాదా అని విడమరిచి చెప్పేవాళ్లే తక్కువయ్యారు.

ఇరుగుపొరుగు గురించి కొద్దిగా. 2020 జనాభా లెక్కల్లో ఇక్కడి నివాసుల్లో బౌద్ధులు 31.1 శాతం, మతమేదీ లేదన్నవాళ్లు 20, క్రైస్తవులు 18.9, ముస్లింలు 15.6, టావో మార్గీయులు 8.8, హిందువులు 5 శాతం. మత సామరస్య పరిరక్షణ చట్టం 1990లోనే వచ్చింది. మన దగ్గర యూట్యూబులో పక్కవాడి దేవుణ్ణి వెక్కిరించి లైకులు కూడబెట్టుకునే ప్రసంగాలు ఇక్కడ చెల్లవు. చట్టానికి భయపడి మానేయడం అయితే అందులో వేదాంతం ఏమీ లేదు. ముస్లిం మండలి ముయిస్ కూడా విదేశాల్లో మత విద్య ముగించి తిరిగొచ్చే యువకుల కోసం 2020లో ఒక పోస్ట్‌గ్రాడ్యుయేట్ సర్టిఫికెట్ మొదలుపెట్టింది. గ్రంథం తెలిసినవాడికి ఈ ఊరు కూడా తెలియాలన్నది అందులో ఉద్దేశం. మీలాంటి చిన్న పట్టాతో, మీలాంటి బరువుతో నడుస్తున్నవాళ్లు పక్క వీధిలోనూ ఉన్నారు, పలకరించండి.

అసలు పరీక్ష ఆఫీసు ప్యాంట్రీలో ఎదురవుతుంది. పెరటాసి శనివారం సెరంగూన్ రోడ్డు శ్రీనివాస పెరుమాళ్ గుడికి వెళ్లొచ్చిన స్నేహితుడు ప్రసాదం మీ బల్ల మీద పెడతాడు. తినాలా, వద్దా? కొరింథు సంఘం పౌలును అడిగిన ప్రశ్న ఇదే. మీరు దాని మీద వ్యాసం రాసి మార్కులు తెచ్చుకున్నారు. కొరింథీయులకు రాసిన పత్రికలో పౌలు నియమం చెప్పి ఊరుకోలేదు, ఎదుటివాడి మనస్సాక్షి ఎలా ఉందో చూడమన్నాడు. మీరు ఏ నిర్ణయం తీసుకున్నా, ఆ స్నేహితుడి మొహం చిన్నబోకుండా చెప్పడం వచ్చిందా అన్నది ఏ ఎగ్జామినరూ దిద్దని పేపరు.

చివరగా, దోర్నకల్ అజరయ్య గారు. తిరునెల్వేలి తమిళుడు, 1909లో దోర్నకల్ వచ్చి తెలుగు నేర్చుకున్నాడు. 1912లో ఆంగ్లికన్ సంఘంలో మొదటి భారతీయ బిషప్ అయ్యాడు. పల్లె బోధకులకు ఆయన దోర్నకల్‌లో శిక్షణ ఇప్పించినప్పుడు భర్తలు ఒంటరిగా రాలేదు. భార్యలూ వచ్చారు, వాళ్లకూ చదువు చెప్పించాడు. చదివినవాడు ఒకడు, వంట చేసిన మనిషి మరొకరు అన్న పద్ధతి ఆయనకు నచ్చలేదు.

ఇందాకటి నుంచి వెనక వరుసల్లో పిల్లల్ని ఎత్తుకుని నిలబడి నా ప్రసంగం వింటున్న ఆడవాళ్లను చూస్తున్నాను. ఇద్దరు ముగ్గురు మగవాళ్లు కూడా ఉన్నారు, సంతోషం. ఈ రెండేళ్లూ మీరు క్లాసుల్లో ఉన్న సాయంత్రాలు వాళ్లెక్కడున్నారో మీకు తెలుసు. వచ్చే బ్యాచ్ దరఖాస్తు ఫారాలు ద్వారం దగ్గర బల్ల మీద పెట్టారట. వెళ్లేటప్పుడు ఒకటి తీసుకెళ్లి వాళ్ల చేతికివ్వండి, ఆ సాయంత్రాలకు వంట ఎవరు చేస్తారో కూడా రైల్లోనే మాట్లాడుకోండి.