పంతులుగారి పేరు మోస్తున్న కట్ట

(సంఘ సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఆంధ్రకేసరి టంగుటూరి ప్రకాశం పంతులుగారి గురించి నాలుగు మాటలు చెప్పమని కార్యదర్శిగారు ఆదేశించారు. 1928లో మద్రాసులో సైమన్ కమిషన్ బహిష్కరణ నాడు పంతులుగారు తుపాకులకు గుండె చూపిన ఘట్టం మనమంతా బడిలోనే చదువుకున్నాం, ప్రతి సభలోనూ వింటున్నాం. ఈ పూటకు దాన్ని పక్కన పెడతాను. విజయవాడ దగ్గర కృష్ణ మీద ఆయన పేరుతో ఉన్న బ్యారేజీ గురించి మాట్లాడతాను. ఊరూరా ఉన్న విగ్రహాలన్నిటికంటే అదే ఆయనకు తగిన స్మారకమని నా అభిప్రాయం.

అక్కడ అంతకుముందు 1855లో పూర్తయిన ఆనకట్ట ఉండేది. దాదాపు వందేళ్ళు డెల్టాకు అన్నం పెట్టింది. 1952లో దానికి గండి పడింది. ఆ మరుసటి ఏడు, 1953 అక్టోబరు 1న, ఆంధ్ర రాష్ట్రం ఏర్పడి పంతులుగారు తొలి ముఖ్యమంత్రి అయ్యారు. అప్పటికి ఆయన వయసు ఎనభై దాటింది. మనకు యాభై ఎనిమిదికో అరవైకో విశ్రాంతి ఇచ్చి పంపారు గదా!

రాజధాని కర్నూలు. మద్రాసు నుంచి తరలివచ్చిన ఆఫీసులకు కట్టడాలు చాలక గుడారాలు వేశారు. ఫైళ్ళు అక్కడే, కాపురాలూ అక్కడే. ఆ ఎండలో, ఆ దుమ్ములో పనిచేసిన గుమాస్తాలు మన ముందుతరం ఉద్యోగులే. ఆ పదమూడున్నర నెలల ప్రభుత్వంలోనే గుంటూరులో హైకోర్టు, తిరుపతిలో శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయం వెలిశాయి. బ్యారేజీ పని మొదలైందీ అప్పుడే, 1954లో. అదే ఏడు నవంబరులో మద్యనిషేధం వ్యవహారం మీద అవిశ్వాస తీర్మానం వచ్చి, ఒక్క ఓటు తేడాతో ఆ ప్రభుత్వం పడిపోయింది.

పంతులుగారు చేసినవన్నీ ఒప్పేనని నేననను. 1946-47లో మద్రాసు ప్రధానిగా ఖద్దరు కోసం కొత్త బట్టల మిల్లులు వద్దన్నప్పుడు సొంత పార్టీలోనే చాలామందికి మింగుడు పడలేదు. పట్టుదల మనిషి. ఎవరి మాటా ఒక పట్టాన వినేవారు కారు. కానీ బారిస్టరుగా గడించినదంతా స్వరాజ్య పత్రికకూ ఉద్యమానికీ ధారపోసి, చివరికి చేతిలో ఏమీ మిగుల్చుకోలేదు. నెల తిరిగేసరికి పింఛను అందుకునే మనకు ఆ లేమి ఎలాంటిదో ఊహకందదు.

1957 మే 20న హైదరాబాదులో కన్నుమూశారు. బ్యారేజీని ఆ ఏడు డిసెంబరులో ప్రారంభించారు. తాను ముఖ్యమంత్రిగా ఉండగా మొదలైన పని పూర్తికావడం ఆయన చూడనేలేదు.

పాత ఆనకట్ట నదికి అడ్డంగా వేసిన రాతిగోడ. వరద దాని మీదుగా పొర్లిపోయేది. బ్యారేజీ సంగతి వేరు. మొత్తం 70 గేట్లు. నీటిని ఆపాలన్నా, వదలాలన్నా మనిషి దగ్గరుండి చూడాలి. పైన రోడ్డు, ఇరుపక్కలా కాలవలు. ఉమ్మడి కృష్ణా, గుంటూరు జిల్లాలలోనే కాక ఉమ్మడి పశ్చిమ గోదావరి, ప్రకాశం జిల్లాలలో కొంత భాగానికీ ఆ నీళ్ళు పారతాయి. 1970లో ఒంగోలు కేంద్రంగా ఏర్పడిన జిల్లాకు కూడా 1972లో ఆయన పేరే పెట్టారు.

విగ్రహానికి ఏడాదికోసారి దండ వేస్తే సరిపోతుంది. బ్యారేజీకి అలా కుదరదు. 2024 సెప్టెంబరు మొదట్లో కృష్ణకు 11 లక్షల క్యూసెక్కులకు పైగా వరద వచ్చింది. నగరాన్ని ముంచింది బుడమేరు. కృష్ణను మాత్రం ఈ కట్టే కాచుకుంది. ఎగువ నుంచి కొట్టుకొచ్చిన పడవలు గేట్ల దగ్గర తగిలి కౌంటర్ వెయిట్లు దెబ్బతిన్నాయి. ప్రవాహం సాగుతుండగానే సిబ్బంది వాటిని మార్చారు. అరవై ఏడేళ్ళ కట్టడం అప్పటికి. టీవీలో వాళ్ళు ఆ నీటి మీద పనిచేయడం చూసినప్పుడు, పంతులుగారికి ఇంతకంటే నివాళి ఏముంటుందనిపించింది నాకు.

కాబట్టి నాదొక మనవి. మన సభ్యుల్లో నీటిపారుదల శాఖలో పనిచేసినవారున్నారు. గేట్ల దగ్గర, లాకుల దగ్గర, 2009 అక్టోబరు వరదలో డ్యూటీ చేసినవారెవరైనా ఉంటే ఆ రాత్రుల సంగతి రెండు పేజీలు రాసి ఇవ్వండి. చేయి వణికి రాయలేనివారు చెబితే మనవలు రాసిపెట్టండి. కర్నూలు గుడారాల నాటి ఫొటోలు, ఉత్తరాలు ఇంట్లో ఏ ట్రంకుపెట్టెలోనైనా ఉంటే కార్యదర్శిగారికి చూపించండి. నకలు తీసుకుని అసలు మీకు తిరిగి ఇచ్చేస్తారు.