సుమో గోదాలో ఆవాహన, ఉద్వాసన

మేము జపాన్ వెళ్ళొచ్చామని తెలిసి, సుమో గురించి నాలుగు మాటలు చెప్పమన్నారు కార్యవర్గం వారు. గుడిలో కుస్తీ కబుర్లేమిటి అనుకోకండి.

పెద్ద పోటీలు ఏడాదికి ఆరు, ఒక్కొక్కటి 15 రోజులు. జనవరి, మే, సెప్టెంబరు నెలల్లో టోక్యోలోని ర్యోగొకు కొకుగికాన్‌లో జరుగుతాయి. మేము వెళ్ళింది మే నెల పోటీకి. కింది భాగంలో అయితే చెప్పులు విప్పి, నలుగురికో చిన్న గడి చొప్పున నేలమీదే కూర్చోవాలి. మా మోకాళ్ళను తలుచుకుని పై అంతస్తులో కుర్చీలు తీసుకున్నాం. ఉదయం నుంచే కుర్రవాళ్ళ కుస్తీలు నడుస్తాయి; పేరున్నవాళ్ళు దిగేది మధ్యాహ్నం మూడున్నర దాటాకే. అక్కడి ప్రసిద్ధ ఫలహారం పుల్లకు గుచ్చి కాల్చిన కోడిమాంసం. కోడి రెండు కాళ్ళమీదే నిలబడుతుంది, చేతులు నేలకానించి ఓడిపోయినట్టు ఉండదు కాబట్టి శుభమట! శాకాహారులు తినేసి వెళ్ళడం మంచిది.

గోదాను ప్రతి పోటీకీ మట్టితో కొత్తగా కడతారు. దాని పైన గుడికప్పు లాంటిది వేలాడుతుంటుంది. నాలుగు మూలలా ఆకుపచ్చ, ఎరుపు, తెలుపు, నలుపు కుచ్చులు. అవి నాలుగు దిక్కులకూ గుర్తు. పోటీకి ముందురోజు రిఫరీలే పూజారులై గోదా నడుమ గుంటలో బియ్యం, ఉప్పు, సముద్రపు నాచు వంటివి పెట్టి పూడ్చి, దేవతలను పిలుస్తారు. చివరి రోజున సాగనంపుతారు. మన ఆవాహన, ఉద్వాసనలే కదా! గొప్ప యోధుడు యొకొజునా నడుముకు లావుపాటి తెల్లతాడు, దానికి మడతలు పెట్టిన కాగితాలు. అక్కడి గుళ్ళ ముందు కట్టేదీ అలాంటి తాడే.

యోధులు నీళ్ళు పుక్కిలించి, గుప్పెడు ఉప్పు చల్లి, కాళ్ళెత్తి నేల అదిరేలా తొక్కుతారు. పైశ్రేణిలో ఈ తతంగానికి నాలుగు నిమిషాల గడువు. కుస్తీ మాత్రం చాలాసార్లు కొన్ని సెకన్లే. గీత దాటినా, అరికాలు తప్ప ఒళ్ళు ఎక్కడ నేలను తాకినా ఓటమే. బరువును బట్టి వర్గాలు లేవు. చిన్నవాడు పక్కకు తప్పుకుని కొండలాంటి వాణ్ణి బయటకు తోసేసినప్పుడు మేమూ లేచి అరిచాం.

ఆ గోదా మీద ఆడవాళ్ళు కాలు పెట్టకూడదు. 2018లో మైజురు ఊళ్ళో మేయరు గోదా మీద మాట్లాడుతూ కుప్పకూలారు. ప్రథమచికిత్సకు పరుగెత్తిన స్త్రీలను దిగిపొమ్మని మైకులో చెప్పారు. తర్వాత సుమో సంఘం క్షమాపణ చెప్పింది. నియమం మాత్రం అలాగే ఉంది.

ఇది విన్న మా అమ్మాయి, "ఉప్పు చల్లితే శుద్ధి అయ్యే నేలకు, నేను అడుగుపెడితే ఏమవుతుంది?" అంది. ఊరుకోలేదు, మన ఆచారాల దగ్గరికీ వచ్చింది. "అది ఆచారమమ్మా" అని తప్పించుకోవాలని మాకు అనిపించలేదు. ఆ మాటతో ఆగిపోతే, పిల్లలు పెద్దయ్యాక గుడికి రావడమే మానేస్తారేమోనని మా భయం. ఏ నియమం శాస్త్రంలో ఉంది, ఏది అలవాటుగా వచ్చింది అన్నది వాళ్ళతో కూర్చుని విడదీసి చెప్పాలి. వచ్చే నెల పిల్లల తరగతిలో ఈ ప్రశ్న పెట్టమని గురువుగారిని అడిగాం, సరేనన్నారు. పెద్దలూ రండి.