ఇంటికి పోయినప్పుడు అరికాళ్లు చూడండి
(సేవాలాల్ జయంతి సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

మన చరిత్ర, మన భాష గురించి చెప్పేవాళ్లు ఈ రోజు చాలామంది ఉన్నారు. నేను వార్డెన్‌ను. జ్వరాలు, గజ్జి, కాలి దెబ్బలు చూసేదాన్ని. అందుకే కాలి పుండు గురించి మాట్లాడతా. నవ్వకండి.

మా బాపు ఏటా చెరుకు కొట్టడానికి పోయేవాడు. ఒక ఏడు తిరిగొచ్చేసరికి బొటనవేలి కింద, అరికాలిలో, రూపాయి బిళ్లంత పుండు. "ఏం లేదు బేటీ, నొప్పే లేదు" అన్నాడు. నొప్పి లేదంటే నేనూ సరే అనుకున్నా. పసుపు పెట్టారు, పొగాకు పెట్టారు, ఒక ఆర్‌ఎంపీ దగ్గర సూదులు వేయించారు. పప్పు తింటే చీము పడుతుందని యాడి పప్పు, గుడ్డు రెండూ మాన్పించింది. ఎనిమిది నెలలు గడిచాయి. చివరికి పట్నం తీసుకుపోతే అక్కడి డాక్టరు ముందు పుండు చూడలేదు. సన్నని నైలాన్ తీగతో అరికాలు అక్కడక్కడ తాకి, "తెలుస్తుందా?" అని అడిగాడు. బాపుకు తెలియలేదు. రక్తం పరీక్ష చేస్తే షుగర్ మూడొందలు దాటింది. పుండు అప్పటికే ఎముక దాకా పోయింది. రెండు వేళ్లు తీసేశారు.

బీఈడీ చదివినదాన్ని నేను. ఆ ఎనిమిది నెలల్లో "ఇది ఎందుకు మానట్లేదు?" అని ఒక్కసారి కూడా అడగలేదు. పైన ఏం రాయాలనే అడిగిన.

పాల్ బ్రాండ్ అని ఒక డాక్టరు ఉండేవాడు. 1914లో తమిళనాడులోని కొల్లి కొండల్లో, గిరిజనుల మధ్యనే పుట్టాడు. 1946లో వెల్లూరు ఆసుపత్రికి వచ్చాడు. కుష్ఠు వచ్చినవాళ్ల మాంసం దానంతటదే కుళ్లిపోతుందని అప్పట్లో జనం నమ్మేవారు. అది కాదని ఆయన చూపించాడు. కాలికి స్పర్శ పోయింది కాబట్టి పుండు మీదనే నడుస్తున్నారు, ప్రతి అడుగూ దాన్ని మళ్లీ చితకొడుతుంది, అంతే. కాలికి పిండికట్టు వేసి బరువు పడకుండా చేస్తే ఏళ్ల తరబడి మానని పుండ్లు కొన్ని వారాల్లో పూడాయి. 1966లో ఆయన అమెరికా వెళ్లాక అదే పద్ధతి షుగర్ ఉన్నవాళ్ల కాళ్లకూ పనికొచ్చింది. మా బాపుకు మిగిలిన గాయం మానింది కూడా అట్లనే. షుగర్ అదుపులోకి తెచ్చి, చచ్చిన తోలు తీసి, శుభ్రమైన కట్టు కట్టి, ఆ కాలు నేల మీద పెట్టనివ్వలేదు. పప్పు, గుడ్డు మళ్లీ మొదలుపెట్టించారు. కొత్త మాంసం పట్టాలంటే అవే కావాలి.

ఇప్పుడు పటాన్‌చెరు, పాశమైలారం కంపెనీల్లో పనిచేసే మీ సంగతి. పన్నెండు గంటలు ఒకచోట నిలబడే పని. సాయంత్రానికి పాదాలు వాచి, సాక్సు అచ్చు పడుతుందా? పిక్కలు కదలకపోతే రక్తం పైకి పోక కిందనే నిలుస్తుంది. కొన్నేళ్లకు చీలమండ పైన తోలు నల్లబడుతుంది, దురద పెడుతుంది, గోకితే పుండవుతుంది. మన ఆడవాళ్లకైతే కడియాల కింద ఆ నలుపు కనిపించదు కూడా. ఈ పుండుకు వైద్యం వేరు. పడుకున్నప్పుడు కాలు గుండె కంటే ఎత్తులో పెట్టాలి, పిక్కలు ఆడేటట్టు నడవాలి, వేళ్ల నుంచి మోకాలి దాకా బిగుతు కట్టు కట్టాలి. కానీ ఆ కట్టు మెడికల్ షాపులో కొని మీరే కట్టుకోవద్దు. పాదానికి రక్తం సరిగా అందనివాళ్లకు బిగుతు కడితే కాలే పోవచ్చు. డాక్టరు నాడి చూసి చెప్పిన తర్వాతే. చూశారా, బాపు నడవకూడదు, మీరు నడవాలి. పుండు పుండే, కారణం వేరు. బీడీ, సిగరెట్ మాత్రం ఏ పుండునూ మాననివ్వవు.

రెండు వారాల్లో మానని కాలి పుండును డాక్టరుకు చూపించండి. షుగర్ ఉంటే రెండు వారాలు కాదు, కనిపించిన రోజే. ఎరుపు పాకినా, వాసన వచ్చినా, వేలు నల్లబడినా, జ్వరం వచ్చినా ఆ రాత్రే బయలుదేరండి. జోగిపేటలో ప్రభుత్వ ఆసుపత్రి ఉంది, సంగారెడ్డిలో పెద్దాసుపత్రి ఉంది. షుగర్ పరీక్ష చేయమని మీరే అడగండి.

తీజ్‌కు తండాకు పోతారు కదా. యాడి, బాపుల కాళ్లు మొక్కేటప్పుడు పైపైన ముట్టి లేవకండి. కూర్చోబెట్టి అరికాలు తిప్పి చూడండి, వేళ్ల సందులు చూడండి, చెప్పు లోపల చెయ్యి పెట్టి మేకు ఉందేమో తడమండి. వాళ్లు సిగ్గుపడతారు, వద్దంటారు. మా బాపు ఇప్పటికీ కాలు వెనక్కి లాక్కుంటాడు. ఎంసీఆర్ చెప్పులు కొనిస్తే కొత్తవని దాచిపెట్టి, పాత హవాయి చెప్పులతో పొలం పోతుంటే పోయిన నెలే పట్టుకున్నా. ఆ పాతవి తెచ్చి హాస్టల్ బీరువాలో పెట్టి తాళం వేసిన.

జై సేవాలాల్.