శరద్రాత్రులలో వినదగినవి, చూడదగినవి

(చొప్పదండిలో భక్తజనుల నుద్దేశించి చేసిన ప్రసంగ పాఠము)



వర్షములు తగ్గి ఆకాశము నిర్మలమైనది. ఆశ్వయుజ శుద్ధ పాడ్యమి మొదలు దేవీ నవరాత్రులు. ఈ తొమ్మిది రాత్రులు ఇంట ఏమి వినవలెను, ఏమి చూడవలెనని అనేకులు అడుగుచున్నారు.

వినుటకు ముత్తుస్వామి దీక్షితుల (1775–1835) కమలాంబా నవావరణ కీర్తనలు ముఖ్యములు. తిరువారూరు కమలాంబాదేవిపై రచింపబడిన ఇవి రోజునకొక్కటిగా సరిపోవును. మొదటి ఏడింట దేవీనామము వరుసగా ప్రథమాది సప్త విభక్తులలోను, ఎనిమిదవ దానిలో సంబోధనగాను, తొమ్మిదవ దానిలో అన్ని విభక్తులలోను నిలిచినది. సంస్కృతము నేర్చు పిల్లలకు ఇది శబ్దపాఠము కూడ.

చూచుటకు రెండు చిత్రములు. నాగయ్యగారు త్యాగరాజస్వామిగా నటించి దర్శకత్వము వహించిన ‘త్యాగయ్య’ (1946), కె. విశ్వనాథ్ గారి ‘శంకరాభరణం’ (1980). రెండవ దానిలో వృద్ధ గాయకుని కంఠము కచేరీ నడుమ ఆగిపోగా, బాల శిష్యుడు ఆ పాట నందుకొనును.

ఆ ఘట్టము మన ఊళ్లకును వర్తించును. భాద్రపద అమావాస్య నుండి సద్దుల బతుకమ్మ వరకు తంగేడు, గునుగు పూలు పేర్చి మన తల్లులు పాడు పాటలు కంఠము నుండి కంఠమునకు వచ్చినవి. నేడు డీజే మోతలో, ఒకరు చెప్పగా పదుగురు అందుకొను ఆ పద్ధతి సన్నగిల్లుచున్నది. రికార్డు వినుట తప్పు కాదు. కాని నోరు మెదపక వినిన పాట మనుమరాలికి దక్కదు. ఈ యేడు ప్రతి ఇంట పిల్లలు అవ్వ వద్ద ఒక్క పాటయైన నేర్చుకొనవలెనని నా ప్రార్థన.

శుభం భూయాత్.