బొగ్గుబస్సు బంధువులు

 

ఈవేళ మోటారు బండ్ల గురించి నాలుగు మాటలు చెబుదామనుకుంటున్నాను. "ఆడవాళ్ళ కార్యక్రమంలో మోటార్ల గొడవ ఏమిటమ్మా!" అని మీరు అనుకోవచ్చు. ఇవి పెట్రోలు బండ్లు కావండీ. కట్టెలతోనూ బొగ్గులతోనూ నడిచే బండ్లు. కట్టెల మంచిచెడ్డలు మనకంటె ఎవరికి బాగా తెలుసు చెప్పండి?

రెండవ ప్రపంచ యుద్ధం జరిగే రోజుల్లో, 1941లో, మన దేశంలో పెట్రోలుకు రేషను పెట్టారు. మరుసటి ఏడు బర్మా జపానువాళ్ళ చేతిలోకి పోయింది. అక్కడినుంచి మనకు వచ్చే చమురు ఆగిపోయింది. వున్న పెట్రోలు సైన్యానికే చాలదాయె, ఇక బస్సులకెక్కడిది? అప్పుడు వచ్చాయి బొగ్గుబస్సులు. మన కడప జిల్లా అప్పట్లో మద్రాసు రాజధానిలో వుండేది. ఆ రాజధానిలోనే, మదురైలో టి.వి.ఎస్. కంపెనీవారు పెట్రోలు కరువును తట్టుకోవడానికి ఒక గ్యాస్ ప్లాంటు తయారుచేసి, తమ పేరే దానికి పెట్టారు. బొగ్గులు వేసి నిప్పు పెడితే అందులోంచి వచ్చే వాయువుతో ఇంజను నడుస్తుంది.

రాయచోటివాళ్ళకు ఆ రోజుల్లో రైలు లేదు. కడపకు పోవాలంటే బస్సే దిక్కు. యాభై కిలోమీటర్ల పైచిలుకు దారి, నడుమ గువ్వలచెరువు కనుమ. ఇప్పుడు గువ్వలచెరువు అంటే పాలకోవా గుర్తొస్తుంది గానీ, మా జేజికి మాత్రం బొగ్గుబస్సే గుర్తొచ్చేది. బస్సు వెనకాల మనిషెత్తు పీపా వుండేదట. బయలుదేరే ముందు క్లీనరు కుర్రవాడు పిడి పట్టుకుని పావుగంటసేపు గాలి తోలేవాడట. అంతదాకా జనమంతా చింతచెట్టు కింద కూర్చోవలసిందే. ఆలస్యంగా వచ్చినవాళ్ళకు బస్సు తప్పిపోయిందన్న బెంగ వుండేది కాదని నవ్వేది జేజి.

అసలు కథ కనుమ దగ్గర. పెట్రోలుతో పోలిస్తే ఈ వాయువుకు సత్తువ తక్కువ. సుమారు సగం వాయువు మండని నత్రజనే. ఇంజను బలంలో మూడోవంతు, ఒక్కోసారి అంతకన్నా ఎక్కువే తగ్గిపోతుంది. ఎక్కుడు రాగానే బస్సు మూలిగేది. డ్రైవరు వెనక్కు తిరిగి, "మొగోళ్ళంతా దిగండి నాయనా! ముసలోళ్ళూ, పిల్లతల్లులూ కూసోండి!" అని కేకవేసేవాడు. అందరూ దిగేవాళ్ళు. కోర్టుకు పోయే ఆసామీ, సంతకు పోయే సాయిబు, మల్లుపంచె కట్టిన అయ్యవారు, అంతా ఒకే వెనకభాగానికి భుజం ఆనించి తోసేవాళ్ళు. పైకి చేరేసరికి అందరి ముఖాలకూ ఒకే మసి. ఎవరిది ఏ వూరో, ఎవరి బిడ్డకు జబ్బో, ఎవరింట్లో ఈడొచ్చిన పిల్ల వుందో, కడప చేరేలోగా బస్సంతటికీ తెలిసిపోయేది. ఒక పెళ్ళిసంబంధం ఆ ఎక్కుడులోనే కుదిరిందని జేజి చెప్పేది. ఆమె కథల్లో కాస్త ఉప్పూకారం ఎక్కువే అనుకోండి.

ఇది మన ఒక్కరి కథే కాదు. యుద్ధం ముగిసేనాటికి ఒక్క జర్మనీలోనే ఇట్లాంటి బండ్లు ఐదు లక్షల దాకా వుండేవి. అక్కడ ఎక్కువగా కట్టెముక్కలు వాడేవాళ్ళు. కట్టెతో ఒక చిక్కుంది. పొగలో తారు వస్తుంది, అది ఇంజనులో పేరుకుపోతుంది. జార్జ్ ఇంబెర్ అనే ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు 1920లలో దీనికి ఉపాయం కనిపెట్టాడు. పొగను పైకి పోనివ్వకుండా కిందికి లాగి, కణకణలాడే నిప్పుల గుండా పంపాడు. ఆ వేడికి తారు చాలావరకు విరిగిపోతుంది.

ఇక ఆశ్చర్యమేమిటంటే, పెట్రోలు దొరికే ఈ రోజుల్లో కూడా కేవలం సరదా కొద్దీ కట్టెబండ్లు నడిపేవాళ్ళు వున్నారు. 2015 నుంచి 2019 దాకా ఫిన్లాండు దేశానికి ప్రధానమంత్రిగా వున్న యూహా సిపిలా వాళ్ళలో ఒకడు. ఆయన ఇంజనీరు. ఎల్ కమీనో అనే అమెరికా కారును కట్టెవాయువుతో నడిచేట్టు మార్చి, దానికి 'ఎల్ కమీనా' అని పేరు పెట్టాడు. వాళ్ళ భాషలో కమీనా అంటే కుంపటి లాంటి పొయ్యి. ప్రధానమంత్రి అయితేనేం, పొయ్యి దగ్గర కూర్చుంటే చేతులకు మసి అంటక తప్పుతుందా?

అమెరికాలో అలబామా రాష్ట్రానికి చెందిన వేన్ కీత్ అనే రైతు పాత ట్రక్కులకు ఇట్లాంటి పొయ్యిలు బిగించాడు. 2008లో కాలిఫోర్నియాలోని బర్క్‌లీ నుంచి లాస్ వేగస్ దాకా పెట్రోలు లేకుండా నడిపే పందెంలో కట్టెట్రక్కుతో గెలిచాడు. నాకు ముచ్చట వేసింది ఆ పందెం కాదు. తాను నేర్చింది దాచుకోకుండా అడిగినవాళ్ళకల్లా చెప్పాడు, ఇంకొకరితో కలిసి పుస్తకమూ రాశాడు. మనలో కొందరు ఆవకాయ కొలతలు చెప్పేటప్పుడు ఒక్క దినుసు కావాలనే మరిచిపోతుంటారు చూడండి, ఆ బుద్ధి వీళ్ళకు లేదు! ఇట్లాంటివాళ్ళు ఒకచోట చేరితే, ఎవరి బండిలో వడపోత ఎట్లా వుంది, ఎవరి కట్టె బాగా ఎండింది అని ఒకరిదొకరు తరచి చూసుకుంటారు. కట్టెలో నూటికి ఇరవైపాళ్ళకు మించి తేమ వుంటే బండి మొరాయిస్తుంది. ఒకరు గాలి తోలుతుంటే ఇంకొకరు వాయువు అంటుకుంటుందో లేదో గొట్టం చివర నిప్పుతో చూస్తారు. తాళంచెవి తిప్పి ఒంటరిగా వెళ్ళిపోయే బండి కాదది. ఆ కష్టమే వాళ్ళను కలిపిందని నాకనిపిస్తుంది.

"మరి మనమూ మొదలుపెట్టొచ్చు కదా, సర్కారుతుమ్మ ఎక్కడ చూసినా వుందాయె!" అంటారా? లెక్క చూడండి. లీటరు పెట్రోలు చేసే పని చెయ్యడానికి సుమారు మూడు కిలోల ఎండుకట్టె కావాలి. లీటరుకు పదిహేను కిలోమీటర్లు నడిచే చిన్నకారు కూడా రాయచోటినుంచి కడపకు పోయి రావడానికి ఇరవై కిలోల పైన తింటుంది. నలుగురు సరదాకు నడిపితే సరే. ఊరంతా నడిపితే మన కొండలమీద పుల్ల మిగలదు. ఈ విషయంలో నేను మోజుపడేవాళ్ళ పక్షం కాదు.

ఇప్పుడు మనకు అన్నిటికన్నా ముఖ్యమైన సంగతి. ఎర్రగా కాలే కుంపటి మీద ఒక్కోసారి సన్నని నీలిమంట ఆడుతుంది, చూశారా? కార్బన్ మోనాక్సైడ్ అనే వాయువు అలా మండుతుంది. బస్సును కనుమ ఎక్కించిందీ అదే. దానికి రంగు లేదు, వాసన లేదు. పీలిస్తే నెత్తురులో ప్రాణవాయువు వుండవలసిన చోటును అది ఆక్రమిస్తుంది. ప్రాణవాయువుకంటె రెండువందల రెట్లు గట్టిగా పట్టుకుంటుంది. మొదట తలనొప్పి, వికారం, కాళ్ళు తేలిపోవడం, తరువాత మగత. మగతలో వున్న మనిషికి తనకు ప్రమాదమన్న సంగతే తెలియదు. పక్కనున్నవాళ్ళు కనిపెట్టాలి. అందుకే కట్టెబండ్లు నడిపేవాళ్ళు, తలుపులు మూసిన షెడ్డులో పొయ్యి రాజెయ్యకూడదని కొత్తవాళ్ళకు మొట్టమొదట చెబుతారు.

మన ఇళ్ళలో చలికాలం వస్తే బాలింత గదిలో కుంపటి పెట్టి, గాలి సోకుతుందని తలుపులూ కిటికీలూ బిగించేస్తాం. తల్లీ పసిబిడ్డా అందులోనే నిద్రపోతారు. బొగ్గులు పొగ రాకుండా ఎర్రబడ్డాయి కదా, ఇక భయం లేదంటారు పెద్దవాళ్ళు. పొగ లేకపోయినా ఆ వాయువు వస్తూనే వుంటుంది. వెచ్చదనం కావాలంటే దుప్పట్లు కప్పండి, వేడినీళ్ళ సీసా గుడ్డలో చుట్టి కాస్త ఎడంగా పెట్టండి. గది వెచ్చబెట్టాలనుకుంటే తల్లీబిడ్డా లేనప్పుడు కుంపటి పెట్టి, బయటికి తీసి, కిటికీ తెరిచి గాలి ఆడనిచ్చాకే వాళ్ళను లోపలికి పంపండి. కుంపటి వున్న గదిలో ఎవరికైనా తల తిరుగుతోందంటే సొంటికాఫీ కాచేందుకు పోకండి. ముందు తలుపులు తెరిచి, మనిషిని ఆరుబయటికి తీసుకురండి, ఆ వెంటనే ఆస్పత్రికి తీసుకుపోండి. అదే గదిలో పడుకున్న పసివాణ్ణి మరిచిపోవద్దు.