పాదరక్షల పేర్లు



నేడు నేను మీతో ముచ్చటింపదలచిన విషయము తలపాగకు సంబంధించినది కాదు; కాలి చెప్పునకు సంబంధించినది. ఇంత అల్పవస్తువును గూర్చి ప్రసంగమా యని మీలో కొందరు నవ్వుకొనవచ్చును. కాని యొక వస్తువునకు ఎన్ని పేర్లున్నవో, అవి ఏ యే భాషలనుండి వచ్చినవో, వానిని ఎవరు పలికిరో విచారించినచో ఆ ప్రాంతపు చరిత్రలో కొంత బయల్పడును. కరీంనగరము, ఆదిలాబాదు ప్రాంతముల పల్లెల చరిత్ర కాలిజోళ్ల పేర్లలో దాగియున్నది. అందు కొంత మనకు గర్వకారణము, కొంత సిగ్గుపడదగినది. రెండింటిని మరుగుపరుపక చెప్పుటయే నా యుద్దేశము.

మొదట 'చెప్పు' అను మాటనే తీసికొందము. ఇది సంస్కృతమునుండి గాని పారసీకమునుండి గాని వచ్చినది కాదు, అచ్చతెలుగు మాట. దీనికి ఇరుగుపొరుగు భాషలయందు చుట్టములు గలవు. తమిళులు 'చెరుప్పు' అందురు. కన్నడిగులు 'కెర' యనియు 'కెరవు' అనియు అందురు. కన్నడమున కకారమున్న చోట తెలుగున చకారముండుట పెక్కు మాటలయందు కాననగును. వారి 'కివి' మన చెవి. వారి 'కెరె' మన చెరువు. వారి 'కెడు' మన చెడు. అట్లే వారి 'కెర' మన చెప్పు. ఇక మన ఆదిలాబాదు అడవులలోని గోండుల భాషలో దీనికి 'సర్పుం' అని పేరు. తమిళమునను గోండియందును నిలిచిన రేఫము తెలుగున లోపించి, పకారము ద్విత్వమైనది. ఉట్నూరు కొండలలోని గోండునకును, కావేరీతీరమందలి తమిళునకును, గోదావరి యొడ్డున ధర్మపురిలోని తెలుగువానికిని ఈ మాట ఉమ్మడి యాస్తి. మాట యుండినచో వస్తువు కూడ ఉండియే యుండవలెను. కావున ఈ భాషలు వేరుపడకమునుపే మన పూర్వులు కాలికి తోలు కట్టుకొని ముండ్లబాటలందు నడచిరని గ్రహింపవచ్చును.

రెండవ తెగ సంస్కృతపదములు. ఉపానహము, పాదుక, పాదత్రాణము, పాదరక్ష — ఇవి పురాణశ్రవణమునను గ్రంథములయందును వినవచ్చునవి. భరతుడు నందిగ్రామమున పదునాలుగేండ్లు పాదుకల పేర రాజ్యమును నడిపిన కథ మీకు తెలియనిది కాదు. కొయ్యతో చేసి వ్రేళ్ల నడుమ గుబ్బతో పట్టి నడచునట్టివి పాంకోళ్లు. తోలు తగులరాదని నియమము పెట్టుకొన్నవారు వీనిని తొడిగెడివారు. ఈ పేర్లన్నియు గౌరవముతో పలుకబడునవి. ఒకే వస్తువునకు సంస్కృతమున పేరు పెట్టినప్పుడు పూజ్యతయు, ఇంటిభాషలో పేరు పెట్టినప్పుడు తిట్టును కలుగుట విచిత్రము గదా! 'స్వామివారి పాదుకలు' అన్నచో చేతులు జోడింతుము. 'చెప్పు' అన్నచో ముఖము ముడుచుకొందుము.

మూడవ తెగ మన ప్రాంతమునకు ప్రత్యేకముగా చెందినది. 1948 సెప్టెంబరు వరకు ఈ జిల్లాలు నిజాము రాజ్యమున నుండెను. కచ్చేరి భాష ఉర్దూ. ఆ భాషద్వారా పారసీకపు మాటలు మన కాళ్లకు చుట్టుకొన్నవి. పారసీకమున 'పాయ్' అనగా పాదము. కాలికి తొడుగు జామా పైజామా యైనది. పాదమును కప్పు 'పాపోష్' తెలుగున పాపోసు అయినది. మేజోళ్లకు 'పాయ్‌తాబా' యనుటయు ఇట్టిదే. చడావులును హిందూస్థానీనుండి వచ్చినవే. సలీంషాహీ జోళ్లకు, జహంగీరు పాదుషా యువరాజుగా నున్న నాటి సలీము అను పేరే కలిగినది. 'జోడు' అనగా జంట. ఒంటిచెప్పు ఎందుకును కొరగాదు గనుక జంటకు గల పేరే వస్తువునకు పేరైనది. కంటికి పెట్టుకొను అద్దములను కంటిజోడు అనుటయు ఇట్లే.

తరువాత ఇంగ్లీషువారి 'బూటు' వచ్చి బూట్లుగా మారి మన వ్యాకరణమునకు లోబడినది. వారి దేశమున మోకాళ్లవరకు వచ్చు ఒకవిధపు బూట్లకు వెల్లింగ్టను ప్రభువు పేరు పెట్టిరి. ఆ ప్రభువే బిరుదు పొందకమునుపు ఆర్థరు వెల్లెస్లీ యను పేర మన దక్కనుకు వచ్చి, 1803లో అస్సాయి యొద్ద మహారాష్ట్రులతో యుద్ధము చేసెను. చెకోస్లొవేకియా యను దేశముగా తరువాత ఏర్పడిన ప్రాంతమున, జ్లీను పట్టణములో 1894లో స్థాపింపబడిన బాటా సంస్థ పేరు గూడ మన పల్లెలలో చెప్పులకు మారుపేరువలె వాడబడినది. ఇట్లు రాజుల పేర్లు, సేనానుల పేర్లు, వర్తకుల పేర్లు జోళ్లకు అంటుకొన్నవి. వానిని కుట్టినవాని పేరుమాత్రము ఏ జోడునకును అంటుకొనలేదు.

కావున ఇక కుట్టినవాని మాటలను విచారింతము. మన పల్లెలలో ఈ పని తరతరములుగా చేసినవారు మాదిగ సోదరులు. వారి వృత్తిలో నెన్ని మాటలున్నవో చూడుడు. తోలును నానవేయు తొట్టి 'లంద'. సున్నపునీట నానవేసి వెండ్రుకలు తీసిన పిదప, తంగేడు చెక్కను దంచి కలిపిన నీటిలో తోలును ఊరవేయుదురు. ఆ చెక్కలోని వగరు తోలులోనికి ఇంకి, అది కుళ్లకుండ కాపాడును. తంగేడు పువ్వు బతుకమ్మకు. తంగేడు చెక్క లందకు. 2014లో తెలంగాణమునకు రాష్ట్రపుష్పముగా ఎన్నుకొన్నది ఈ తంగేడు పువ్వునే. పువ్వును తలకెత్తుకొన్న మనము చెక్కతో పని చేసినవానిని ఊరి వెలుపల నుంచితిమి.

తోలు కోయు కత్తి 'రంపె'. రంధ్రము చేయు సూది 'ఆరె'. కుట్టుటకు దారముగాను, బిగించుటకు పట్టెగాను కోసిన తోలుపేలికలు 'వార్లు'. కాలి పెద్దవ్రేలికి 'ఉంగుటము' అని పేరు. ఆ వ్రేలు దూరు తోలు ఉంగరమునకును ఆ పేరే. కొత్త చెప్పునకు ఆముదము పట్టించి మెత్తపరుతురు. లేనిచో అది 'కరచును'. చెప్పు ఒరయుననక కరచుననుట తెలుగువాని చమత్కారము. దళసరి తోలుతో కుట్టి, నడచునపుడు చప్పుడు చేయునవి కిర్రుచెప్పులు. వానిని తొడిగినవాడు వీధి మలుపున నుండగనే ఇంటివారికి తెలిసిపోవును.

ఇదే చేతితో వారు చేసినది చెప్పులు మాత్రమే కాదు. మోటకు తోలు బొక్కెన, కాడికి పట్టెలు, పండుగకు డప్పు — అన్నియు ఆ లందనుండియే వెలువడెను. విద్యుత్తు మోటార్లు రాకపూర్వము మనము తిన్న వరియన్నము ఆ తోలుబొక్కెన తోడిన నీటితో పండినదే యని జ్ఞప్తియందుంచుకొనవలెను.

ఇపుడు సిగ్గుపడదగిన భాగమునకు వచ్చితిని. వెట్టిచాకిరి నడచిన దినములలో ఈ చర్మకారులు దేశముఖులకును, పటేలు పట్వారీలకును చెప్పులు, బొక్కెనలు, పట్టెలు ఊరకనే కుట్టి యీయవలసి యుండెను. ఇంతకన్న విపరీతము వేరొకటి కలదు. చెప్పు కుట్టినవాడు తాను చెప్పులు తొడిగి గడి ముందు నడువరాదు. వానిని విప్పి చేతబట్టుకొని, తల వంచుకొని పోవలెను. ఆ కాలపు మాట యొకటి మీకందరకు తెలిసినదే: 'నీ బాంచెను, కాల్మొక్కుత'. దొర కాలు మ్రొక్కదగినది. కూలివాని కాలు మండుటెండలో మాడదగినది! చెప్పు కేవలము ముల్లు గుచ్చుకొనకుండ కాపాడు తోలు కాదనియు, మనుష్యునకు గల గౌరవమునకు గుర్తనియు దీనివలన తెలియుచున్నది.

ఈ యన్యాయమును పెద్దలు సహించి యూరకుండలేదు. వెట్టిని రూపుమాపవలెనని ఆంధ్రమహాసభ పాటుపడెను. దాని 4వ మహాసభ 1935లో మాడపాటి హనుమంతరావుగారి అధ్యక్షతన మన సిరిసిల్లలోనే జరిగెను. అయినను దురాచారము ఒక్కనాట పోలేదు. 1978లో జగిత్యాల, సిరిసిల్ల ప్రాంతములందు రైతుకూలీలు మరల సంఘటితులు కావలసివచ్చెను. 1950 జనవరి 26న అమలులోనికి వచ్చిన రాజ్యాంగము తన 17వ అధికరణముచే అస్పృశ్యతను నిషేధించెను. 1989లో షెడ్యూల్డు కులములపై, తెగలపై అత్యాచారములను నివారించు శాసనము వచ్చెను. 2015లో దానిని సవరించినప్పుడు, ఆ కులములవారి మెడలో చెప్పులదండ వేయుట నేరమని స్పష్టముగా వ్రాసిరి. చెప్పు పేరు శాసనమునకు ఎక్కవలసివచ్చినదనిన, ఆ వస్తువుతో మనము తోటిమానవుని ఎంతగా అవమానించితిమో యోచింపుడు.

దీనికి మారుగా మన తెలంగాణముననే వేరొక యాచారము కలదు. దక్షిణమున మహబూబునగరు జిల్లా చిన్నచింతకుంట మండలమున కురుమూర్తిస్వామి క్షేత్రమున్నది. ఏటేట కార్తికమాసమున అచట జరుగు జాతరలో 'ఉద్దాల ఉత్సవము' ప్రధానమైనది. ఉద్దాలనగా స్వామివారి పాదరక్షలు. వానిని వడ్డెమాను గ్రామమున చర్మకారులు నియమనిష్ఠలతో కుట్టుదురు. అచటనుండి ఊరేగింపుగా కొండకు కొనిపోవుదురు. అన్ని కులములవారును వానికి మ్రొక్కుదురు. అవియు తోలే, కుట్టినదియు ఆ చేయియే. అచట తల వంచినవాడు ఇంటికి వచ్చి ఆ కుట్టినవానిని దూరముంచినచో, ఆ మ్రొక్కునకు అర్థమేమి?

ఇపుడు మన పల్లెలలో లందలు మూతబడినవి. టైరుచెప్పులు వచ్చెను, వాని వెనుక రబ్బరు చెప్పులు, ప్లాస్టికు చెప్పులు వచ్చెను. చవుకగా దొరకుటచే పేదసాదల కాలికి కూడ చెప్పు వచ్చినది, ఇది మేలే. మోటలు పోయి ఎడ్లకు శ్రమ తగ్గెను, ఇదియు మేలే. ఒకని కులమునుబట్టి వృత్తి నిర్ణయింపబడు పద్ధతి పోవుటకు ఎవరును చింతింపనక్కరలేదు. వారి బిడ్డలు చదువుకొని కోరిన పని చేయుచున్నారు. అది వారి హక్కు. కాని వృత్తితో పాటు దాని విద్యయు, దాని మాటలును జాడలేకుండ పోవుట నష్టము. ఏ తోలు ఏ పనికి తగునో, చెక్కనీరు ఎప్పుడు పాకమునకు వచ్చునో, వారు ఎటు కోసిన సాగదో — ఈ జ్ఞానము గ్రంథములందు లేదు. కొందరు వృద్ధుల నాలుకలపై నున్నది.

ఇతర వృత్తుల మాటలకు కొంత రక్షణ కలిగినది. ఆచార్య భద్రిరాజు కృష్ణమూర్తిగారు జిల్లాజిల్లాలనుండి పదములు సేకరింపజేసి కూర్చిన మాండలిక వృత్తిపదకోశములో వ్యవసాయపదముల సంపుటము 1962లోను, చేనేతపదముల సంపుటము 1971లోను వెలువడెను. నాగలికి, మగ్గమునకు దక్కిన గౌరవము ఆరెకును రంపెకును మీ గ్రామమున మీ చేతులమీదుగా దక్కవలెను.

గ్రామపెద్దలారా! మీకు నా మనవి యిది. 2016లో మన పాత జిల్లాలు పెక్కు జిల్లాలుగా విడిపోయినవి. కాని మాటలకు జిల్లా హద్దులు లేవు. మీరు ఏ జిల్లాలో నున్నను, మీ యూర తోలుపని ఎరిగిన వృద్ధుడు ఉండినచో ఆయనను అరుగుమీదికి పిలిచి, తోడ కూర్చుండబెట్టుకొనుడు. మీ మనుమడు గాని మనుమరాలు గాని ఒక పుస్తకము పట్టుకొని, ఆయన చెప్పిన ప్రతి మాటను ఆయన పలికినట్లే వ్రాయవలెను, గ్రాంథికముగా దిద్దరాదు. చెప్పులో ఏ భాగమునకు ఏ పేరో బొమ్మ వేసి గుర్తింపవలెను. పుట మొదట ఊరిపేరు, సంవత్సరము, ఆయన అంగీకరించినచో ఆయన పేరు వ్రాయవలెను. జోళ్లకు రాజుల పేర్లు పెట్టినది లోకము. కుట్టినవాని పేరు వ్రాసినది మీ గ్రామము కావలెను.

ఆ వృద్ధుడు మీ యరుగు ఎక్కునపుడు వాకిట చెప్పులు విడుచును, మీరును విడుతురు. రెండు జోళ్లు ప్రక్కప్రక్కన నుండును. అట్లుండుటయే న్యాయము.